గుడ్డు పెట్టని పెట్టకు మేత బాకీ ఉందా?

పెరట్లో పెట్ట గుడ్లు మానేస్తే రాయలసీమలోని బుక్కపట్నం వైపు పల్లెల్లో మొదట వినపడే మాట "దిష్టి తగిలింది". కొన్నాళ్లకు రెండో మాట వస్తుంది: "దండగ మేత, కోసేద్దాం". ఈ రెండో మాటలో పెద్ద ధర్మసందేహమే ఉంది. ఇన్నాళ్లూ గుడ్లు తిన్న ఇంటికి, గుడ్డు ఆగిన పెట్టతో ఇక ఏ బంధమూ లేదా?

తీర్పు చెప్పేముందు పెట్ట పక్షం కూడా వినాలి. నాటుపెట్ట ఒక విడతకు పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఒళ్లంతా ఉబ్బించుకుని, గంపలో కదలకుండా, చెయ్యి పెడితే గుర్రుమని పొడుస్తుంది. పొట్ట కింది ఈకలు రాలి, వట్టి చర్మం గుడ్లకు ఆని వెచ్చదనం ఇస్తుంది. రోజుకు ఒకసారి లేచి నాలుగు గింజలు తిని మళ్లీ ఎక్కేస్తుంది. అలా 21 రోజులు. తర్వాత పిల్లల్ని వెంటేసుకుని రెండు మూడు నెలలు. ఏడాది మొత్తానికి అది పెట్టేవి యాభై నుంచి ఎనభై గుడ్లే. అంటే గుడ్డు లేని రోజులే దాని బతుకులో ఎక్కువ. పొదుగు మాన్పించాలని నీళ్లలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం తల్లితనానికి వేసే శిక్షలు.

మిగతా కారణాలూ సామాన్యమైనవే. ఈకలు రాల్చి కొత్తవి తొడిగే కాలంలో ఒంట్లోని మాంసకృత్తులు అటే పోతాయి, గుడ్లు ఆగుతాయి. ఒక్క గుడ్డు పెంకుకే రెండు గ్రాముల దాకా కాల్షియం కావాలి. వట్టి నూకలతో అది రాదు. కడుపులో నులిపురుగులు, ఒంటి మీద పేలు ఉన్నా అంతే. ఎండాకాలంలో ఈ సీమ ఎండ 40 డిగ్రీలు దాటితే పెట్ట నోరు తెరిచి రొప్పుతూ మేత తగ్గిస్తుంది. ఒక్కోసారి అసలు మానదు, కందికట్టెల మోపు వెనక దొంగచాటుగా పెడుతూనే ఉంటుంది!

నిజంగా ముసలిదైతే? ఈ ప్రశ్న పాతది. ముసలి ఎద్దునీ ముసలి బానిసనీ అమ్మేయమని రోమన్ కేటో తన వ్యవసాయ గ్రంథంలో రాశాడు. తనకు పనిచేసిన ఎద్దును ముసలిదైందని తాను అమ్మబోనని గ్రీకు రచయిత ప్లూటార్క్ అతన్ని తప్పుపట్టాడు. సేవ చేసిన కుక్కను చివరిదాకా పోషించాలని 18వ శతాబ్దంలో జర్మన్ తత్వవేత్త కాంట్ తన పాఠాల్లో చెప్పాడు.

బుక్కపట్నానికి ఈ ప్రశ్న మరీ దగ్గరిది. పక్కనున్న పుట్టపర్తి నుంచి ఇక్కడి బడికి వచ్చి చదువుకున్న సత్యసాయిబాబా చిన్నతనంలో, కూరకు పట్టిన కోడిని పరుగున వెళ్లి గుండెకు హత్తుకునేవారని ఆయన భక్తుడు కస్తూరి రాసిన జీవితచరిత్ర చెబుతుంది. అదే గడ్డమీద గ్రామదేవతకు కోడిని మొక్కుకునే ఇళ్లూ ఉన్నాయి. ఆ ఇళ్లను పాపపు ఇళ్లనడం న్యాయం కాదు. మహాభారతం అరణ్యపర్వంలో కౌశికుడికి ధర్మం బోధించినవాడు మిథిలలో మాంసం అమ్మే ధర్మవ్యాధుడు. నాగలి కింద కూడా ఎన్నో ప్రాణులు చస్తాయని ఆయనే గుర్తుచేశాడు. హింస లేని బతుకు మనిషికి దొరకదు. దాన్ని తగ్గించుకోవడమే చేతిలో ఉంది.

కోసుకుని తినేవాళ్లు తినవచ్చు, అది వాళ్ల ఆచారం, ఆకలి. కానీ పనికిరాదని మేత ఆపి మాడ్చడం, ఊరిబయట వదిలేయడం వేరే సంగతి. తిన్న గుడ్లకు బదులుగా కనీసం ఆకలి లేని బతుకు, నొప్పి తక్కువ చావు ఆ పెట్టకు దక్కాలి. చట్టం కూడా ఆ వైపే ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం యజమాని తగినంత మేత, నీళ్లు పెట్టకపోవడం నేరం.

కాబట్టి ఈసారి గుడ్లు ఆగితే కత్తి కంటే ముందు గంప ఎత్తి చూడండి. కందికట్టెల మోపు వెతకండి. గుల్ల పొడి, రాగులు వేయండి, నీడలో చల్లని నీళ్లు పెట్టండి, పశువుల డాక్టరును అడిగి పురుగుల మందు తాగించండి. కారణం వయసేనని తేలినా, అది మీ పెరట్లో ఉన్నన్నాళ్లూ దాని మేత తగ్గించకండి.