నమ్మే ముందు

మీ అబ్బాయి స్కాలర్‌షిప్ ఆగిందనీ, సాయంత్రంలోగా లింకు నొక్కి బ్యాంకు వివరాలు ఇవ్వకపోతే రద్దవుతుందనీ ఈమెయిల్ వచ్చిందనుకోండి. పైన ప్రభుత్వ ముద్ర కూడా ఉంది. ఏం చేస్తారు?

కేసపుత్తంలో కాలాములు బుద్ధుణ్ణి ఇలాంటిదే అడిగారు. వచ్చిన ప్రతివాడూ తన మాటే నిజమంటున్నాడు, ఎవర్ని నమ్మాలి? చెవిన పడిందనో, గ్రంథంలో ఉందనో, చెప్పినవాడు గురువనో ఒప్పుకోకండి, మీరే తెలుసుకోండి అన్నాడాయన. ముద్ర చూసి తలవంచడం మనం వదిలేసి వచ్చిన అలవాటే కదా! పంపినవాడి పేరు కాదు, అడ్రసు అక్షరం అక్షరం చదవండి. దాన్నీ మార్చి పంపగలరు. కాబట్టి లింకు జోలికి పోకుండా కాలేజీకే వెళ్ళి అడగండి. తొందరపెట్టాడంటే మీరు ఆలోచించడం వాడికి ఇష్టం లేదన్నమాట. ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు.

"ఇంత అనుమానమైతే మైత్రి ఏమైపోవాలి?" అని మా విహారంలో ఒక అమ్మ అడిగింది. మైత్రి అంటే ఎదుటివాడి మేలు కోరడం, వాడు చెప్పిందానికల్లా తలూపడం కాదు. దొంగతనం సాగనివ్వకపోతే వాడికీ మేలే అన్నాను. ఆవిడ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

మోసపోతే మాత్రం సిగ్గుపడి దాచుకోకండి. శీలం తప్పింది వాడు, మీరు కాదు. వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకీ చెప్పండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతూ ఉంటుంది.