ముందు కావ్యం

ఒక విజ్ఞాన సర్వస్వం కోసం రాసిన ‘రాధికా సాంత్వనం’ వ్యాసాన్ని చూసిపెట్టమంటే, నేరేడ్‌మెట్‌లోని మా ఇంట్లో ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. తప్పుల్లేవు. వీరేశలింగం గారి నింద, 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ప్రచురణ, 1911లో నిషేధం, 1947లో ప్రకాశం పంతులు దాన్ని ఎత్తివేయడం, అన్నీ ఉన్నాయి. ముద్దుపళని కవిత్వమే లేదు. ఇళను పెంచి, తానే కృష్ణుడికిచ్చి పెళ్లిచేసి, ఆపైన అసూయతో కుమిలిపోయిన రాధ ఊసే లేదు.

నిందనూ జవాబునూ పక్కపక్కన పెడితే నిష్పక్షపాతం అయిపోతుందా? మగవాడి కావ్యమైతే శైలితో మొదలుపెడతాం. స్త్రీ రాస్తే ముందు శీలం, తర్వాతే కవిత్వం. సిగ్గూ ఔచిత్యమూ ఆడవాళ్లకేనా అని నాగరత్నమ్మ ఏనాడో అడిగింది.

ఎర్రగీత గీయబోయి ఆగాను. ఇన్నేళ్లుగా క్లాసులో నేను చెప్పిందీ నిషేధం కథే. నాలుగు ఆశ్వాసాల్లో ఒక్క పద్యమైనా పిల్లల చేత చదివించలేదు. ఆమె పక్షాన వాదిస్తూనే ఆమెను బోనులో నిలబెట్టాను.

“ముందు కావ్యం, తర్వాత వివాదం” అని రాసి వ్యాసాన్ని తిప్పి పంపాను. ఆ మాట నాకూ వర్తిస్తుంది.