కాయకమును సోదా చేయవచ్చునా?

ఉద్దానపు తోటలలో రాలిన జీడిపిక్క పలాస, కాశీబుగ్గల కర్మాగారములలో పప్పుగా మారువరకు దానిని తాకు చేతులలో పెక్కు స్త్రీలవే. 80 కిలోల పిక్కల బస్తానుండి వచ్చు పప్పు ఇంచుమించు నాలుగవ వంతు మాత్రమే. విఱుగని గుండునకు ఒక ధర, బద్దకు మఱియొక ధర. ఇంత విలువగల సరకు గుప్పిటలో ఇముడును, కొంగున దాగును. 2018 అక్టోబరులో తిత్లీ తుపానునకు తోటలు నేలకూలిన సీమలో ప్రతి గింజకును లెక్క యుండుట సహజము. కావున యజమాని భయమును త్రోసివేయరాదు.

అయినను, పని ముగించి వెలుపలికి వచ్చు స్త్రీని ద్వారమువద్ద నిలిపి కొంగు దులిపించుట, ఒడలు తడవి చూచుట ఎచటనైన ఆచారమైనచో, అది ధర్మమా యని శరణమార్గమున నడచువారు విచారింపవలసియున్నది.

బసవేశ్వరుడు బిజ్జలుని భండారమును నిర్వహించినవాడు. ఆ ద్రవ్యమును జంగమములకు పంచిపెట్టుచున్నాడని కొండెగాండ్రు చెప్పగా రాజు లెక్క చూచెననియు, ధనమున కొఱత లేకుండెననియు పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పును. దీనిని మహిమగా మాత్రమే తలచి పలువురు తృప్తిపడుదురు. బసవన్న లెక్క చూపుటకు సిగ్గుపడలేదు. అయితే అచట చూడబడినది భండారము. ఆయన మేను కాదు.

లెక్క ఇరువైపులవారిని బంధించును. ఉదయము ఇచ్చిన పిక్కను, సాయంకాలము వచ్చిన పప్పును ఇద్దఱి యెదుటను తూచినచో కూలిస్త్రీ చేతివాటమే గాక గుమాస్తా తూకపు మోసము కూడ బయటపడును. సోదా అట్లు కాదు, అది క్రిందికే చూచును. గోదాము తాళపుచెవి గలవానిని, లారీకి సరకెత్తించువానిని ఎవరు తడవి చూతురు? బస్తాలకు బస్తాలు పోవలసివచ్చినచో ఆ దారినే పోవును గదా!

శరణుల దృష్టిలో దేహమే దేవాలయము. ఇష్టలింగము నెలకొన్న ఎదపై పరుని చేయి పడుటను వీరశైవుడు సహింపడు. మెడలో లింగము లేని కూలిస్త్రీ దేహము దేవాలయము కాదని ఏ శరణుడు చెప్పెను?

పిక్క పెంకులోని జీడిరసము చర్మమును కాల్చును. చేతులకు నూనెయో బూడిదయో పూసికొని పిక్క కొట్టుట పాతపద్ధతి. ద్వారమువద్ద కావలివానికి జీతము, నేడు కెమెరాకు సొమ్ము దొరకుచుండగా చేతితొడుగులకు మాత్రము దొరకలేదన్నచో, అచట రక్షణ పొందుచున్నది పప్పు ఒక్కటియే.

ఇది కర్మాగారములకే పరిమితమైన మాట కాదు. టెక్కలి వంటి ఊరి చిన్న దుకాణములో రాత్రి తలుపు మూయువేళ గుమాస్తా జేబు చూచు యజమాని, ఆనాడు గల్లాపెట్టెనుండి తాను తీసికొన్న సొమ్మునకు చిట్టాలో పద్దు వ్రాసెనా?