కాలు కదిపితేనే లోతు

అన్ని మతాలూ చెప్పేది ఒకటేనని వక్త అనగానే సభలో చప్పట్లు మోగుతాయి. హన్మకొండలో డిగ్రీ పిల్లలకు తత్వశాస్త్రం చెప్పుకుని బతికినవాణ్ణి, నాకు ఆ చప్పట్లంటే ఎప్పుడూ కొంచెం అనుమానమే. ఆ అనుమానం దేని మీదో తేటగా చూపించింది ఫొటోలు అతికే ఒక సాఫ్ట్‌వేర్.

దాని పేరు ఫొటోసింత్. నోవా స్నేవ్లీ, స్టీవెన్ సైట్జ్, మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు రిచర్డ్ జెలిస్కీ కలిసి 2006లో ప్రకటించిన పరిశోధన దానికి పునాది. పారిస్‌లోని నోత్రదామ్ చర్చిని ఎవరెవరో తీసి ఇంటర్నెట్‌లో పెట్టుకున్న ఫొటోలను వాళ్లు పోల్చి చూశారు. ఈ ఫొటోలో ఉన్న చుక్క ఆ ఫొటోలోనూ ఉందా అని వెతుకుతూ పోతే చర్చి ఆకారం తేలింది. దాంతోపాటే ఒక్కో ఫొటో తీసినవాడు ఎక్కడ నిలబడ్డాడో కూడా తేలింది. ఆ రెండూ ఒకే లెక్కలో పుడతాయి. గుడ్డివాళ్లూ ఏనుగూ కథలో ఏనుగును పూర్తిగా చూసినవాడు ఒకడుంటాడు, కథ చెప్పేది వాడే. ఇక్కడ అలాంటివాడు లేడు.

2008లో ఫొటోసింత్ జనం చేతికి వచ్చింది. 2010లో దానికి పనోరమాలు తోడయ్యాయి. నన్ను ఆలోచనలో పడేసింది ఈ రెండో సదుపాయమే. మా వేయిస్తంభాల గుడిని తీసుకోండి. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం: శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భాలయాలు, మధ్యలో ఒకే రంగమండపం. ఆ మండపం నడుమ నిలబడి కెమెరాను చుట్టూ తిప్పితే పనోరమా వస్తుంది. మూడు ద్వారాలూ ఒకే బొమ్మలో చక్కగా ఒదుగుతాయి. కాలు కదపకూడదు, కదిపితే దగ్గరి కంబం అతుకు దగ్గర విరిగినట్టు కనిపిస్తుంది. అయితే అలా తీసిన బొమ్మలో ఏది ఎంత దూరమో లెక్కకు అందదు. రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ తీస్తే దగ్గరి కంబం బాగా జరుగుతుంది, వెనకున్న ద్వారం కాస్తే జరుగుతుంది. ఆ తేడాలోంచే లోతు పుడుతుంది.

శంకరుడూ రామానుజుడూ ఇద్దరూ బ్రహ్మసూత్రాలకే భాష్యం రాశారు. చూసిన చుక్కలు ఒకటే కాబట్టి వాళ్ల వాదాన్ని పక్కపక్కన పెట్టగలం. నిలబడ్డ చోట్లు వేరు కాబట్టి ఆ వాదంలో మనకు నేర్చుకునేది ఉంది. ఇద్దరూ ఒకటే అన్నారని తేల్చేస్తే వాదం తీరిపోతుంది, లోతూ పోతుంది.

ఒకేలా చెక్కిన కంబాలు ఇలాంటి ప్రోగ్రాములను తికమకపెడతాయి. పోలిక చూసి, రెండు వేర్వేరు కంబాలను ఒకటే అనుకుని గుడినే తప్పుగా మడిచేస్తాయి. ఇక్కడా ఉపవాసం, అక్కడా ఉపవాసం, కాబట్టి రెండూ ఒకటే అనేవాళ్లు చేసేదీ ఆ పనే. పోలిక దొరికినంత మాత్రాన అతుకు దొరికినట్టు కాదు. చుట్టుపక్కల చుక్కలు కూడా కుదరాలి. కుదరని ఫొటోను ఫొటోసింత్ పక్కన పెట్టేది, ఎన్ని కలిశాయో శాతంలో చెప్పేది. పక్కన పెట్టిన ఫొటో అబద్ధమని మాత్రం ఎన్నడూ అనలేదు. ఆ మర్యాద మన వాదాల్లో కరువు.

2017లో ఆ సేవను మూసేశారు. అది నాకు మిగిల్చిన చిక్కు ఒకటుంది. ఆ లెక్కంతా కదలని రాయిని నమ్ముకున్నది. నడిచే మనిషి రెండు ఫొటోల్లో ఒకచోట ఉండడు కనుక లెక్కలోంచి జారిపోతాడు. మార్పులేనిదే సత్యమనే అద్వైతికి ఇది నచ్చుతుంది. కానీ భక్తుడి దేవుడు పల్లకీ ఎక్కి వీధిలోకి వస్తాడు. మూలవిరాట్టుకు సరిపోయే ఈ పద్ధతి ఉత్సవమూర్తి దగ్గర చేతులెత్తేస్తుంది. చూసేవాడూ కదులుతూ, చూడబడేదీ కదులుతుంటే లోతు ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు భక్తులే జవాబు చెప్పాలి. తార్కికుడిగా నా దగ్గర జవాబు లేదు.