ఎవరి ఒంటి మీద నేర్చుకోవాలి?

టీటీసీ చదివే రోజుల్లో మమ్మల్ని బడికి పంపే ముందు సూక్ష్మ బోధన చేయించేవారు. తోటి ఛాత్రోపాధ్యాయులే పిల్లలుగా బెంచీల మీద కూర్చునేవారు. కొద్ది నిమిషాల పాఠం. తడబడితే నవ్వేవారు, తప్పు చెప్పేవారు, మళ్ళీ చెప్పించేవారు. అప్పుడు అదొక ఆట అనుకున్నాను. నా తప్పులు ఏ బిడ్డకూ తగలకముందే బయటపడాలన్నది దాని ఉద్దేశమని తర్వాత అర్థమైంది.

పాఠం చెడితే రేపు మళ్ళీ చెప్పుకోవచ్చు. కాన్పు గదిలో అలా కాదు. బిడ్డ పుట్టాక తల్లికి రక్తం ఆగకపోతే నిమిషాలే మిగులుతాయి. అయినా ప్రతి నర్సుకూ, ప్రతి డాక్టరుకూ మొదటి కాన్పు అంటూ ఒకటి ఉంటుంది. నేర్చుకోకుండా ఎవరూ నిపుణులు కారు. మరి నేర్చుకునేవారి తప్పుల భారం ఎవరు మోయాలి?

ఇన్నాళ్ళూ ఎక్కువగా మోసింది పేదలే. మా వదిన మొదటి కాన్పుకు ఒక పెద్దాసుపత్రికి వెళ్ళింది. విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి లోపల పరీక్షించారు. ఎందుకో చెప్పలేదు, చూడవచ్చా అని అడగలేదు. "నన్ను పుస్తకంలా తెరిచి చూసి పోయారు తమ్ముడూ" అంది.

ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలోని అలబామాలో 1840లలో మేరియన్ సిమ్స్ అనే వైద్యుడు, కష్టమైన కాన్పుల వల్ల కలిగే ఒక గాయానికి శస్త్రచికిత్స కనిపెట్టాడు. దానికోసం బానిసలైన నల్లజాతి స్త్రీలను మత్తు ఇవ్వకుండా పదే పదే కోశాడు. వారిలో అనార్కా, బెట్సీ, లూసీ అనే మూడు పేర్లే చరిత్రకెక్కాయి. ఆ చికిత్స తర్వాత ఎందరికో మేలు చేసింది. మేలు అందరికీ పంచారు, నొప్పి మాత్రం వాళ్ళకే మిగిల్చారు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులోని అతని విగ్రహాన్ని 2018లో తొలగించారు.

వేరే దారి లేక అలా చేశారని అనడానికీ లేదు. నేర్పడానికి మరో దారి ఉందని అంతకు ఎనభై ఏళ్ళ ముందే ఫ్రాన్సులో ఒక మంత్రసాని చూపించింది. ఆమె పేరు ఆంజెలిక్ దు కూద్రే. గుడ్డతో, తోలుతో తల్లి నడుము భాగాన్నీ, బిడ్డ బొమ్మనూ తయారుచేసింది. 1759లో రాజు పదిహేనో లూయీ ఆమెకు దేశమంతా తిరిగి నేర్పే అధికారమిచ్చాడు. పల్లెటూరి ఆడవాళ్ళు ఆ బొమ్మ మీద చేతులు తిప్పి తిప్పి కాన్పు చేయడం నేర్చుకున్నారు.

ఇప్పుడు ఆ సాధన ఇంకొంచెం ముందుకు వచ్చింది. మామానటాలీ అనే బొమ్మను ఒక నర్సు తన నడుముకు కట్టుకుని తల్లిలా పడుకుంటుంది. బిడ్డ పుడుతుంది, ఎర్రనీళ్ళు కారడం మొదలవుతుంది. కేక వేసి సాయం పిలిచేదెవరు? గర్భసంచిని రుద్ది గట్టిపరిచేదెవరు? ఇంజెక్షన్ ఇచ్చేదెవరు? టైము రాసేదెవరు? అయ్యాక అందరూ కూర్చుని ఎక్కడ పొరపాటు జరిగిందో మాట్లాడుకుంటారు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో సౌత్‌మీడ్ ఆసుపత్రిలో 2000 నుంచి డాక్టర్లూ మిడ్‌వైఫ్‌లూ కలిసి ఇలా సాధన చేశారు. బిడ్డ భుజం ఇరుక్కున్న కాన్పుల్లో అంతకుముందు నూటికి తొమ్మిది మంది బిడ్డలకు గాయాలయ్యేవి. ఆ తర్వాత అది రెండుకు తగ్గింది.

అందరూ కలిసే ఎందుకు చేయాలి? రక్తం ఎక్కువ పోతోందని ముందు చూసేది ఒక్కోసారి ఆయా. కానీ పెద్ద డాక్టరు ముందు ఆమె నోరు పెగలదు. చిన్నవాళ్ళ మాట వినడం పెద్దలకూ, గట్టిగా చెప్పడం చిన్నవాళ్ళకూ సాధనలోనే అలవాటవుతుంది. "తప్పు ఎవరిది?" అని వేలు చూపించే బదులు "పని ఎక్కడ తెగింది?" అని అడగడం అక్కడే వస్తుంది.

డోలీలో మోసుకెళ్ళే దారులున్నచోట బొమ్మలెందుకని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బొమ్మ రోడ్డు వేయదు, రక్తం సీసా తేదు. కానీ వాగులూ గుట్టలూ దాటి ప్రాణాలతో చేరిన తల్లికి, అక్కడ అప్పుడే మొదటిసారి చేస్తున్న చేతులు ఎదురుకాకూడదు కదా.

నేను కలపమనేది మరొకటి ఉంది. మన ఏజెన్సీలో ఈ సాధన జరిగినప్పుడు తల్లిగా పడుకున్న మనిషి తెలుగులో కాదు, కోయలోనో కువిలోనో మూలగాలి. అప్పుడు జట్టుకు తన లోటు ఏమిటో తెలుస్తుంది. ఆ పడుకున్న నర్సుకూ, తన మీదుగా అందరూ అరుచుకుంటూ తనతో ఒక్కరూ మాట్లాడకపోతే ఎలా ఉంటుందో తెలుస్తుంది.

బొమ్మ మీద వందసార్లు చేసినా మొదటి నిజమైన తల్లి ఒకరు ఉండక తప్పదు. ఆమెకు మనం బాకీ పడ్డవి రెండు: సాధన చేసిన చేతులు, "నేను కొత్తదాన్ని, అక్క పక్కనే ఉంటుంది, చూడనా?" అనే ఒక్క మాట. మన గూడేల ఆడపిల్లలు ఇప్పుడు నర్సింగులో చేరుతున్నారు. మొదటిది కాలేజీ నేర్పాలి. రెండోది మన బడిలోనే, మనమే నేర్పి పంపవచ్చు.