ఎవరి తాలూకు?

పెళ్ళిపందిట్లో కొత్తమొహం కనిపిస్తే మనవాళ్ళు పేరడగరు. "మీరెవరి తాలూకండీ?" అంటారు. ఆరాలు తీసే బుద్ధి, ఇంకేముంది అని విసుక్కుంటాం గాని, ఆ ప్రశ్నకు ఎంత బరువుందో బాలాసోర్ ప్రమాదంనాడు తెలిసొచ్చింది.

2023 జూన్ 2 సాయంత్రం, ఒడిశాలోని బాహానగా బజార్ స్టేషన్లో ఆగివున్న గూడ్సుబండిని కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ గుద్దింది. హౌరా నుంచి మన విశాఖ, బెజవాడల మీదుగా చెన్నై వెళ్ళే బండే. 290 మందికి పైగా పోయారు. కూలిపనులకోసం బయల్దేరి జనరల్ పెట్టెల్లో కిక్కిరిసినవాళ్ళ పేర్లు ఏ రిజర్వేషను చార్టులోనూ లేవు.

ఫోటోలు చూపించి గుర్తుపట్టమన్నారు. ఒకే శవాన్ని రెండు మూడు కుటుంబాలు మావాడంటే మావాడన్నాయి. నష్టపరిహారానికి ఆశపడ్డవాళ్ళూ లేకపోలేదు. వాళ్ళ సంగతి అలా ఉంచండి. కన్నతల్లి పొరబడటమే నన్ను కలవరపెట్టింది. నలిగి, ఉబ్బి, రంగుమారిన మొహంలో కొడుకును వెతుక్కునే కళ్ళకు కొడుకే కనిపిస్తాడు. చొక్కా గుర్తంటారా, అలాంటివి సంతలో వందలమ్ముతారు. ఆమె ఆ శవాన్ని తీసుకెళ్ళి తలకొరివి పెట్టిస్తే, ఇంకో తల్లికి చివరిచూపు కూడా దక్కదు. ఎంత ప్రేమైనా ఇక్కడ సాక్ష్యానికి నిలవదన్నమాట.

అందుకే డి.ఎన్.ఏ. పరీక్ష. మన దేశంలో ఈ విద్యకు ఆద్యులు హైదరాబాదు సి.సి.ఎం.బి.లో పనిచేసిన లాల్జీసింగ్ గారు. బిడ్డకు సగం తల్లినుంచీ సగం తండ్రినుంచీ వచ్చే ఆ రాత, పంటిలోనో ఎముకలోనో దాగి చాలాకాలం చెడకుండా ఉంటుంది. విదేశాల్లో పళ్ళ డాక్టరు దాచిన ఎక్స్‌రేలతోనూ పోల్చి చూస్తారు. మనం పన్ను పీకించుకుని పత్తి కరుచుకుని ఇంటికొచ్చేస్తాం, ఇక ఎక్స్‌రే ఎక్కడిది!

ఈ పరీక్షలో ఓ చిత్రముంది. పాతికేళ్ళు కాపురం చేసిన ఇల్లాలి రక్తం భర్తను గుర్తించడానికి పనికిరాదు! ఆయన తల్లిదండ్రులో, తోబుట్టువులో, కడుపున పుట్టిన బిడ్డలో ఇవ్వాలి. వాళ్ళెవరూ లేని ఇల్లాలు ఆయన వాడిన టూత్‌బ్రష్షో, దువ్వెనో పట్టుకుని పరుగెత్తాలి. ఏడడుగులకు లేని విలువ దువ్వెన పళ్ళలో చిక్కిన వెంట్రుకకుందన్నమాట!

'పోయినవాడికి పేరెందుకమ్మా, ఆత్మకు పేరుందా?' అని వేదాంతం చెప్పేవాళ్ళున్నారు. ఆత్మ సంగతి నాకు తెలియదు గాని, ఇంట్లో ఉన్న మనిషి సంగతి తెలుసు. శవం దొరక్కపోతే మరణ ధ్రువపత్రం తేలిగ్గా రాదు. ఏడేళ్ళు ఆచూకీ లేకపోతేనే చనిపోయినట్టు భావించవచ్చునంటుంది చట్టం. అన్నాళ్ళూ ఆ ఇల్లాలు ఎవరు? బొట్టు పెట్టుకుంటే లోకం ఓ మాట, తీసేస్తే తన మనసే ఇంకో మాట. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది పోయినప్పుడు పేర్లు రాసుకునే వ్యవధి కూడా లేక, శవాలను గుట్టలుగా పోసి దహనం చేశారు. వాకిట్లో అడుగుల చప్పుడు వినిపిస్తే తలెత్తి చూసే ఇళ్ళు ఆ తర్వాత ఎన్ని ఉండివుంటాయో! గుర్తింపు పరీక్షలకు అయ్యే ఖర్చు దండగ అనేవాళ్ళు ఒక్కరాత్రి ఆ ఇళ్ళలో పడుకుని చూడాలి.

అయితే ఇంత శాస్త్రానికీ ఓ లోపముంది. ఎముకలోని రాత చదివితే సరిపోదు. దానితో పోల్చుకోవడానికి ఎవరో ఒకరు వచ్చి, 'మావాడు కనపడటం లేదు' అని చెయ్యి చాపి రక్తమివ్వాలి. అడిగేవాళ్ళు లేనివాణ్ణి ఏ యంత్రమూ గుర్తుపట్టలేదు. ఊళ్ళో చెప్పకుండా వచ్చినవాడో, రైలుఛార్జీ లేక వెతకడానికి కదల్లేని తల్లి కన్నవాడో, ఎవరికెరుక?

బాలాసోర్ మృతుల్లో అలా 28 మంది మిగిలారు. భువనేశ్వర్ ఎయిమ్స్‌లో చల్లని పెట్టెల్లో నాలుగు నెలలు ఉంచారు. ఎవరూ రాలేదు. అక్టోబరులో నగరపాలక సంస్థవాళ్ళు భరత్‌పూర్ శ్మశానంలో దహనం చేయించారు. మామూలుగా మనల్ని శ్మశానం గడప తొక్కనివ్వరు కదా, ఆ రోజు కొన్ని చితులకు నిప్పంటించడానికి ముందుకొచ్చింది ఆడవాళ్ళే. చితిమీద ఉన్నది ఎవరో, ఏ కులమో, ఏ మతమో వాళ్ళకు తెలియదు.