వినే చెవి ఎవరి ఇంట్లో ఉంది?



పాతబడి మూలనపడిన పనిముట్టును బాగుచేయడానికి మనిషి తన కాలాన్ని వెచ్చించవచ్చునా? తాతగారి ఇనుప పెట్టెకు కొత్త తాళంచెవి చేయించామంటే ఎవరూ తప్పుపట్టరు. కాలం చెల్లిన కంప్యూటర్‌లో కాలం చెల్లిన సాఫ్ట్‌వేర్‌ను మళ్ళీ నడిపించాలని రాత్రులు మేలుకునేవారు ఉన్నారని చెబితే మాత్రం నవ్వుతారు. పనిలేని పని అంటారు. ఆ నవ్వు న్యాయమేనా అని ఈ వారం ఆలోచిద్దాం.

1996లో ఐబియమ్ సంస్థ ఓఎస్/2 వార్ప్ 4 అనే కంప్యూటర్ వ్యవస్థను విడుదల చేసింది. మైకు ముందు కూర్చుని నోటితో చెబితే ఫైలు తెరుచుకోవడం, మూసుకోవడం, ఉత్తరం చెప్పి రాయించుకోవడం అందులోనే అమర్చి ఇచ్చారు. ఉత్తరం చెప్పేటప్పుడు మాటకూ మాటకూ మధ్య కాస్త ఆగాలి. ఐబియమ్ ఆ వ్యవస్థను విడిచిపెట్టినా, అభిమానులు విడిచిపెట్టలేదు. వారికోసం 2017లో ఆర్కాఓఎస్ అనే పేరుతో దాని వారసుడు వచ్చాడు. ఇలాంటి యంత్రాలకు పాత చెవులు తిరిగి తగిలించాలనే కోరిక అక్కడినుంచి పుట్టిందే.

ఈ చెవుల కథలో మన తెలుగువాని చేయి చాలా పెద్దది. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో 1937లో పుట్టిన రాజ్ రెడ్డిగారు మద్రాసు గిండీ కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు పొంది, 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడ ఆయన, ఆయన సహచరులు, శిష్యులు కలిసి యంత్రానికి మాట నేర్పించే పనిని ఏళ్ళ తరబడి సాగించారు. వారి హియర్‌సే అనే ప్రోగ్రాము నోటితో చెప్పిన చదరంగపు ఎత్తులను పోల్చుకునేది. 1976 నాటి హార్పీకి 1011 మాటలు తెలుసు. మన ఇళ్ళలో మూడేళ్ళ పిల్లవాడి పాటి మాటలు! 1980ల చివర స్ఫింక్స్ వచ్చింది. ఒక్కొక్కరి గొంతును ముందుగా దానికి అలవాటు చేయనక్కరలేకుండా, మాటల మధ్య ఆగనక్కరలేకుండా వినగలిగింది. 1994లో రాజ్ రెడ్డిగారికి కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం లభించింది.

ఆ స్ఫింక్స్ కుటుంబంలోనే చిన్న యంత్రాలకోసం పాకెట్‌స్ఫింక్స్ అనే తమ్ముడు పుట్టాడు. ఉచితంగా అందరికీ ఇచ్చారు. తరువాత కొత్త పద్ధతులు వచ్చి దాన్ని చాలా వెనక్కి నెట్టాయి, పట్టించుకునేవారు తగ్గారు. అయినా 2022లో దాని అయిదవ కూర్పు వెలువడింది. దాన్ని బాగుచేసి విడుదల చేసినాయన గొప్పలు చెప్పుకోలేదు. ఇది నేటి ప్రమాణాలకు ఎంతో దూరమని, అయినా జనం ఇంకా వాడుతున్నారు గనుక పాత తప్పులు సరిదిద్ది ఇస్తున్నానని దాపరికం లేకుండా రాశారు. జనం వాడుతున్నారు గనుక. నాకు ఆ ఒక్క కారణమే చాలుననిపించింది. కానీ ఎందుకు వాడుతున్నారన్నది మరింత ఆలోచింపజేసే ప్రశ్న.

చిన్న యంత్రంలో పనిచేస్తుంది, ఇంటర్నెట్ అక్కరలేదు. ఈ రెంటికంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. చెప్పిన మాట ఆ పెట్టె దాటి బయటకు పోదు.

అరిస్టాటిల్ ఆత్మను గురించిన తన గ్రంథంలో గొంతు అంటే ఉత్త శబ్దం కాదన్నాడు. ప్రాణమున్నదే గొంతు విప్పుతుంది, అందులో అర్థముంటుంది. దగ్గుకు గొంతు అని పేరు పెట్టలేమన్నాడు. పునీత తోమాస్ అక్వినాస్ ఆజ్ఞాపించడం బుద్ధి చేసే పని అని, దాని వెనుక సంకల్పం ఉంటుందని వివరించాడు. ఆ లెక్కన యంత్రం నిజానికి ఆలకించదు, లోబడదు. స్విచ్చికి బదులు మన మాట ఉంది, అంతే. అలాంటప్పుడు దాని ముందు ఏం మాట్లాడితే ఏమి, నష్టమేమిటి అని తర్కం తెలిసినవారు అడగవచ్చు.

యంత్రం వినదు, నిజమే. దాని వెనుకనున్న మనుషులు వింటారు. సిరి అనే సేవలో జనం మాటలను పనివాళ్ళు వింటున్నారని 2019లో వార్తలు వచ్చినప్పుడు ఆపిల్ సంస్థ ఆ పనిని కొంతకాలం నిలిపివేయవలసి వచ్చింది. అలెక్సాతో పసిపిల్లలు మాట్లాడిన మాటలను దాచి ఉంచిందన్న ఆరోపణపై 2023లో అమెజాన్ రెండున్నర కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. పాత ప్రోగ్రాముకు తెలివి తక్కువే, కానీ దాని వెనుక ఎవరూ లేరు.

మన ఊరి పేరులోనే చెవుడు ఉందని చెవిటికల్లు వచ్చిన బంధువులు హాస్యమాడడం మనకు తెలిసిందే. అయితే కొంత చెవుడు సద్గుణమే. పాపసంకీర్తనం విన్న గురువు గద్దె దిగాక చెవిటివాడు కావాలి. వైద్యుడూ అంతే. ఇంటి గుట్టు విన్న పనిమనిషిని మంచిదని ఎందుకంటాం? విన్నది వాకిలి దాటనివ్వదు గనుక.

ఇక్కడ మరొక సంగతి. మాట్లాడే పెట్టెను కొని నట్టింట పెట్టేది కొడుకు. దాని ముందు మాట్లాడేది కోడలు, అత్తగారు, పాలు పోయడానికి వచ్చినామె, అప్పు అడగడానికి వచ్చిన పక్కింటి రైతు. పత్తి అమ్మిన డబ్బెంత, మిర్చి ధర పడితే తాకట్టు పెట్టేదేమిటి, పిల్లకు ఏ సంబంధం చూస్తున్నారు, అన్నీ అక్కడే వస్తాయి. వారిని ఎవరు అడిగారు? కొన్నవాడు నిబంధనలకు సరేనన్నాడు, నిజమే. పొరుగువాడి మాటను పణంగా పెట్టే హక్కు అతనికి ఎవరిచ్చారు?

ఎదుటి పక్షం వాదనలోనూ బలముంది. కాళ్ళు చేతులు పడిపోయి మంచంపట్టిన మనిషికి నోరొక్కటే మిగిలితే, నాలుగుసార్లు చెప్పినా పోల్చుకోని పాత ప్రోగ్రాము ఉపకారం కాదు, హింస. “మీ గుట్టు భద్రం నాయనా, కాకపోతే ఫ్యాను తిరగదు” అని అతనికి చెప్పగలమా? అతను కొత్తదాన్ని కోరుకుంటే తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. పైగా కొత్తదంతా బయటివారి చెవి కానక్కరలేదు. 2022లోనే ఓపెన్ఏఐ సంస్థ విస్పర్ అనే కొత్త ప్రోగ్రామును ఉచితంగా విడుదల చేసింది. కాస్త శక్తిగల కంప్యూటర్ ఉంటే అది కూడా ఇంట్లోనే నడుస్తుంది. కాబట్టి పాతదా కొత్తదా అన్నది అసలు తగవు కాదు. శక్తిగల కంప్యూటర్ కొనలేని ఇంటికి మాత్రం పాత చిన్నవాడే దిక్కు.

పాకెట్‌స్ఫింక్స్‌తో వచ్చేది అమెరికా ఇంగ్లీషుకు అలవాటుపడిన చెవి. “లైటు వెయ్యి”, “ఫ్యాను ఆపు”, “అమ్మాయిని పిలువు” వంటి మాటలను దాని నిఘంటువులో దానికి తెలిసిన ధ్వనులతో ఒక్కొక్కటే రాసి, ఆ మంచం పక్కనే కూర్చుని, ఆ మనిషి గొంతుతోనే పరీక్షించి సరిదిద్దాలి. పది, పదిహేను మాటలకు మించి పెట్టుకోకపోవడం మంచిది, ఎక్కువైతే తికమకపడుతుంది. ఓపిక కావలసిన పని. నందిగామ, జగ్గయ్యపేటల్లో కంప్యూటర్ చదువుకుంటున్న మన విచారణల పిల్లలకు ఇది చేతగాని పనేమీ కాదు.